అది ఏ బస్తా?

ఒక రైతు "ఎకరాకు 40 బస్తాలు పండింది" అన్నాడనుకోండి. పక్కనున్న రైతు "మాకు 75 బస్తాలు" అన్నాడనుకోండి. ఎవరి చేను బాగా పండినట్టు? పట్నంలో పుట్టి పెరిగిన కుర్రవాడైతే వెంటనే రెండో రైతుదే అంటాడు. మన గోదావరి జిల్లాల పిల్లలు అంత తొందరపడరు. "అది ఏ బస్తా?" అని ముందు అడుగుతారు. దిగుబడి చెప్పేటప్పుడు మన వైపు బస్తా అంటే 75 కిలోలు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో గోనెసంచికి పట్టేది 40 కిలోలు. ఇప్పుడు 40ని 75తో గుణించండి. తర్వాత 75ని 40తో గుణించండి. రెండూ 3,000 కిలోలే! ఇద్దరి చేలూ సరిసమానంగా పండాయన్నమాట.

ధాన్యం దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే మనం కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్న అడగటం మానేస్తున్నాం. "మా ఇంట్లో నెట్ స్పీడు 40" అని ఒకరంటే, "మాది 100" అని ఇంకొకరంటారు. నలభై ఏమిటి? వంద ఏమిటి? బిట్లా, బైట్లా? ప్రమాణం పక్కన లేని అంకె వేలం పాటలో పనికొస్తుందేమో గాని, కొలతగా పనికిరాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. సమాచార వేగాన్ని ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణంలోకి మార్చటం కంప్యూటరు ఇంజనీర్లకే పరిమితమైన విద్యగా మిగిలిపోకూడదు. లీటర్లూ కిలోమీటర్లూ నేర్చుకున్నట్టే హైస్కూలు పిల్లలందరూ అది నేర్చుకోవాలి. దాన్ని తెలుగులో రాసే పద్ధతిని కూడా మనం సరిచేసుకోవాలి. ఎందుకో చూద్దాం.

బిట్టూ బైటూ, తవ్వా కుంచమూ

కంప్యూటరు లోపల జరిగేదంతా 0, 1 అనే రెండు గుర్తులతోనే. అందులో ఒక్క గుర్తుకు బిట్ అని పేరు. అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లో ప్రచురించిన వ్యాసంతో ఈ మాట ప్రపంచానికి పరిచయమైంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. మీ అమ్మమ్మగారిని అడగండి, పాత కొలతల్లో కుంచానికి ఎన్ని తవ్వలో చెబుతారు. రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంటే కుంచానికి సరిగ్గా ఎనిమిది తవ్వలు! బైటు కుంచమైతే బిట్టు తవ్వ. ఈ పోలిక గుర్తుంచుకుంటే సగం లెక్క వచ్చేసినట్టే.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. తీగ మీద ప్రయాణించే సమాచారాన్ని మొదటి నుంచీ బిట్లలో కొలుస్తున్నారు. పెట్టెలో దాచే సమాచారాన్ని బైట్లలో కొలుస్తున్నారు. తంతి, టెలిఫోను ఇంజనీర్ల అలవాటు ఒకటి, కంప్యూటరు తయారుచేసేవారి అలవాటు మరొకటి. ఇంటర్నెట్ కంపెనీ సెకనుకు ఇన్ని మెగాబిట్లు అంటుంది. మనం దించుకునే సినిమా ఇన్ని మెగాబైట్లు అంటుంది. తవ్వలతో పోసి కుంచాలతో కొలిచినట్టు!

ఇంగ్లీషులో ఈ తేడాను ఒక్క అక్షరం మోస్తుంది. చిన్న బి రాస్తే బిట్, పెద్ద బి రాస్తే బైట్. మరి తెలుగులో? మన లిపిలో చిన్న బడి, పెద్ద బడి అక్షరాలు లేవు. "ఎంబీ" అని రాస్తే అది మెగాబిట్టో, మెగాబైటో చదివేవాడికి తెలియదు. ఎనిమిది రెట్ల తేడా అచ్చులోనే మాయమైపోతుంది! అందుకే తెలుగులో రాసేవారు ఎప్పుడూ "మెగాబిట్లు", "మెగాబైట్లు" అని పూర్తిగా రాయాలని నా అభిప్రాయం. నాలుగు అక్షరాలు ఎక్కువైతే కాగితం ఏమీ అరిగిపోదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగలు లాగి ఊళ్ళకు ఇంటర్నెట్ తెచ్చిన పథకం అది. అప్పుడు నెలకు 149 రూపాయల ప్యాకేజీకి సెకనుకు 15 మెగాబిట్ల వేగం అని ప్రకటించారు. 700 మెగాబైట్ల సినిమా ఒకటి ఆ వేగంతో దించాలి. 700ని 15తో భాగిస్తే 47 సెకన్లు వస్తుంది. ఇలా లెక్కవేసుకున్న పిల్లవాడు నిమిషం గడిచేసరికి "ఇది మోసం" అంటాడు. మోసం ఏమీ లేదు. 15 మెగాబిట్లంటే 1.875 మెగాబైట్లు. 700ని దానితో భాగించండి. సుమారు 373 సెకన్లు, అంటే ఆరు నిమిషాల పైచిలుకు. ఈ లెక్క తెలిసినవాడికి ఇంకో లాభం కూడా ఉంది. ఇరవై నిమిషాలైనా సినిమా దిగలేదంటే ఏదో లోపం ఉందని అంకెలతో నిలదీయగలడు. తెలియనివాడికి న్యాయమైన వేగం మీద కోపం వస్తుంది, అన్యాయమైన వేగాన్ని చూసి ఊరుకుంటాడు.

వేగం వేరు, నిల్వ వేరు

గోదావరికి వరద వచ్చినప్పుడు పేపర్లో రెండు రకాల అంకెలు చూస్తారు. ధవళేశ్వరం దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలారు అని ఒకటి, జలాశయంలో ఇన్ని టీఎంసీలు ఉన్నాయి అని మరొకటి. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అది ప్రవాహ వేగం. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. అది నిల్వ. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. పట్టిసీమ ఎత్తిపోతల పథకం పూర్తి సామర్థ్యం 8,500 క్యూసెక్కులు. దాన్ని రోజులోని 86,400 సెకన్లతో గుణిస్తే 73 కోట్ల 44 లక్షల ఘనపుటడుగులు, అంటే ముప్పాతిక టీఎంసీకి కాస్త తక్కువ. ఇంటర్నెట్ లెక్క కూడా అచ్చం ఇదే. సెకనుకు మెగాబిట్లు క్యూసెక్కుల వంటివి. గిగాబైట్లు టీఎంసీల వంటివి. వేగాన్ని కాలంతో గుణిస్తే పరిమాణం, పరిమాణాన్ని వేగంతో భాగిస్తే కాలం. కాలవ నీటి లెక్క తెలిసిన ప్రాంతంలో పుట్టిన మీకు ఇది కష్టమే కాదు.

పాత యంత్రాలు నేర్పే పాఠాలు

"ఎప్పుడో పోయిన యంత్రాల వేగాలు మనకెందుకు మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పాత యంత్రాల వేగం తక్కువ కాబట్టి అంకెలు చిన్నవి. ఎక్కడ ఏం జరుగుతోందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడవచ్చు. లంకెబిందెల్లా వాటిలో నాలుగు పాఠాలు దాగి ఉన్నాయి.

మొదటిది టెలెక్స్. పేపర్ల ఆఫీసుల్లోనూ బ్యాంకుల్లోనూ టకటకమని కొట్టుకునే టెలిప్రింటర్లు ఒకప్పుడు ఉండేవి. వాటి వేగం 50 బాడ్. బాడ్ అనే పేరు ఫ్రెంచి తంతి ఇంజనీరు ఎమీల్ బొదో పేరు మీద వచ్చింది. తీగ మీద సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారగలదో అది చెబుతుంది. టెలెక్సులో అక్షరానికి అసలు బిట్లు ఐదే. కాని అక్షరం మొదలైందని చెప్పటానికి ఒక గుర్తు, ముగిసిందని చెప్పటానికి ఒకటిన్నర గుర్తు కలిపి మొత్తం ఏడున్నర. 50ని 7.5తో భాగిస్తే సెకనుకు 6.67 అక్షరాలు, నిమిషానికి 400. ఇంగ్లీషులో నల్లజర్ల పేరుకు పది అక్షరాలు. టెలెక్సు మీద అది వెళ్ళటానికి ఒకటిన్నర సెకను పట్టేది.

ఇందులోని పాఠం ఏమిటి? ధాన్యం తూచినప్పుడు గోనెసంచి బరువు తీసేస్తాం కదా! అలాగే సమాచారానికీ సంచి బరువు ఉంటుంది. ఏడున్నరలో రెండున్నర సంచే.

రెండోది టేపురికార్డరు. నవ్వకండి! 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద దేశంలో సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చి పిల్లలకు కంప్యూటరు నేర్పటం మొదలుపెట్టింది. ఆ కంప్యూటరు పాటల క్యాసెట్టు మీదనే ప్రోగ్రాములు దాచుకోగలిగేది. వేగం సెకనుకు 1,200 బిట్లు. దాని జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు. అంత సమాచారం క్యాసెట్టు నుంచి ఎక్కాలంటే ఎంతసేపు? ఇక్కడా ఎనిమిది బిట్లకు ముందొకటి, వెనకొకటి సంచి బిట్లున్నాయి. కాబట్టి బైటుకు పది బిట్లు. 32 కిలోబైట్లంటే 32,768 బైట్లు, అంటే 3,27,680 బిట్లు. 1,200తో భాగిస్తే 273 సెకన్లు, నాలుగున్నర నిమిషాలు! సంచి మరిచిపోయి ఎనిమిదితో లెక్కవేసినవాడికి 218 సెకన్లే వస్తుంది. దాదాపు నిమిషం తేడా.

32 కిలోబైట్లకు 32,000 కాక 32,768 ఎలా వచ్చిందని మీలో చురుకైనవారు పట్టుకునే ఉంటారు. అదే మూడో పాఠం. మన తవ్వ, మానిక, అడ్డ, కుంచం రెట్టింపులతో పెరిగినట్టే కంప్యూటరు జ్ఞాపకశక్తీ రెట్టింపులతో పెరుగుతుంది. ఒకటిని పదిసార్లు రెట్టింపు చేస్తే 1,024 వస్తుంది. వెయ్యికి దగ్గరగా ఉంది కదా అని దానికీ కిలో అనే పేరే పెట్టేశారు. తీగ మీద వేగం చెప్పేటప్పుడు మాత్రం కిలో అంటే సరిగ్గా 1,000. రెండూ కలిసి ఒకే వస్తువులో దూరితే ఎలా ఉంటుందో ఫ్లాపీ డిస్కును చూడండి. దాని మీద 1.44 మెగాబైట్లు అని రాసేవారు. నిజానికి అందులో పట్టేది 14,74,560 బైట్లు. అంటే 1,440ని 1,024తో గుణించారు. ఒకసారి 1,000 లెక్క, ఒకసారి 1,024 లెక్క! ఈ గందరగోళం పోగొట్టటానికి 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1,024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. అవి ఇంకా ఇంటింటికీ రాలేదు. అందుకే మీరు కొన్న 64 గిగాబైట్ల పెన్‌డ్రైవును కొన్ని కంప్యూటర్లు 59.6 అని చూపిస్తాయి. దుకాణదారుడు నాలుగు గిగాబైట్లు కొట్టేశాడని అనుకోకండి. అతను 40 కిలోల బస్తాతో అమ్మితే, మీ కంప్యూటరు 75 కిలోల బస్తాతో కొలుస్తోందంతే.

నాలుగోది మోడెం. మన దేశంలో ప్రజలందరికీ ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ ప్రారంభించింది. టెలిఫోను తీగకు మోడెం తగిలించి, అది కీచుకీచుమని అరుస్తుంటే కాచుకు కూర్చోవాలి. అప్పటి వేగం సెకనుకు 9,600 బిట్లు. ఆ వేగం గల మోడెం సంకేతం మారేది మాత్రం సెకనుకు 2,400 సార్లే. ప్రతి మార్పులోనూ నాలుగు బిట్లు ఎక్కించేవారు. బాడ్ అంటే గంటకు వెళ్ళే బస్సుల సంఖ్య అనుకోండి. బిట్లంటే ప్రయాణికుల సంఖ్య. బస్సుకు ఒకరే ఎక్కితే రెండూ సమానం. టెలెక్సులో జరిగింది అదే. బస్సుకు నలుగురు ఎక్కితే సమానం కావు. కాబట్టి బాడ్‌నూ బిట్లనూ ఒకటిగా చూడరాదు.

నల్లజర్ల నుంచి గూడెం బస్సు

ఇప్పుడు ఒక సరదా లెక్క. ఆ 9,600 బిట్ల మోడెంతో పోటీకి నల్లజర్ల నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే బస్సును దించుదాం. ప్రయాణం ఒక గంట అనుకుందాం. మీ సంచిలో పది ఫ్లాపీలు ఉన్నాయి. మొత్తం 1,47,45,600 బైట్లు. ఎనిమిదితో గుణించి 3,600 సెకన్లతో భాగించండి. సెకనుకు 32,768 బిట్లు! మోడెం కంటే మూడు రెట్లకు మించి వేగం. ఆ మోడెం గంటసేపు ఆగకుండా పనిచేసినా మూడు ఫ్లాపీల సమాచారం కూడా పంపలేదు. ఇక 70 కోట్ల బైట్ల సీడీ ఒక్కటి తీసుకువెళితే సెకనుకు 15 లక్షల బిట్ల పైమాట. అదే సీడీని మోడెం మీద పంపాలంటే ఆరు రోజుల 18 గంటలు పడుతుంది. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవు జేబులో వేసుకుంటే బస్సు వేగం సెకనుకు 142 మెగాబిట్లు!

అయితే బస్సులో ఒక లోపం ఉంది. మొదటి బిట్టు చేరటానికే గంట పడుతుంది. ఫోనులో "హలో" అంటే అవతలివారు గంట తర్వాత వింటే సంభాషణ సాగదు. కాబట్టి ఎంత వెళ్ళింది అనేది ఒక ప్రశ్న, ఎంత ఆలస్యంగా వెళ్ళింది అనేది మరో ప్రశ్న. ఒకే అంకెతో రెండిటికీ జవాబు రాదు.

చట్టంలోనూ ఇదే లెక్క

ఇదంతా సరదాకే అనుకోవద్దు. బ్రాడ్‌బ్యాండ్ అనే పేరు పెట్టి అమ్మాలంటే కనీస వేగం ఎంత ఉండాలో మన ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2004లో అది సెకనుకు 256 కిలోబిట్లు. 2013లో 512 కిలోబిట్లు చేశారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు. వీటిని బైట్లలోకి మార్చి చూడండి. 32 కిలోబైట్లు, 64 కిలోబైట్లు, 250 కిలోబైట్లు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ బీబీసీ మైక్రో జ్ఞాపకశక్తిని నింపటానికి ఒక సెకను తీసుకునేది. క్యాసెట్టు నాలుగున్నర నిమిషాలు తీసుకుంది. ఒకే ప్రమాణంలోకి తెచ్చినప్పుడే అభివృద్ధి ఎంతో మనకు కనపడుతుంది. మన గూడెం బస్సులోని సీడీ 2013 నాటి కనీస వేగాన్ని మూడు రెట్లు దాటుతుంది, 2023 నాటి దానికి ఓడిపోతుంది. ఈ మాట చెప్పగలిగినవాడు ప్రభుత్వ ప్రకటనను చదివినవాడే గాక అర్థం చేసుకున్నవాడు కూడా.

"ఫోనులో నొక్కితే లెక్క అదే వస్తుంది కదా, మేమెందుకు బుర్ర పాడుచేసుకోవాలి?" అనేవారుంటారు. ఫోను గుణకారం తప్పకుండా చేస్తుంది. మీరు బిట్లని ఇచ్చారో బైట్లని ఇచ్చారో, సంచి బరువు తీశారో లేదో దానికి తెలియదు. ఏ బస్తా అని అడగవలసినవారు మీరే. అక్షరాల లెక్కనే తీసుకోండి. "నల్లజర్ల" అని తెలుగులో రాస్తే మన కంటికి నాలుగే అక్షరాలు. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో పొల్లులతో కలిపి ఎనిమిది సంకేతాలు, ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు, మొత్తం 24 బైట్లు. ఇంగ్లీషులో పది అక్షరాలకు పది బైట్లే. "సెకనుకు ఇన్ని అక్షరాలు" అంటే ఏ భాష అక్షరాలని కూడా అడగాలన్నమాట!

బిస్కెట్ పొట్లం మీద నికర బరువు గ్రాముల్లో అచ్చు వేయాలని చట్టం ఉంది. ఇంటర్నెట్ ప్రకటన మీద కూడా అలాంటి మాట ఒకటి ఉండాలని నేనంటాను. "సెకనుకు ఇన్ని మెగాబిట్లు, అంటే ఒక గిగాబైటు దిగటానికి ఇన్ని నిమిషాలు" అని రాస్తే చదువుకోని తల్లిదండ్రులకు కూడా తెలుస్తుంది. నెల నెలా డబ్బు కట్టేది వారే కదా. బడిలోనూ మీటరు, కిలోగ్రాము, సెకను చెప్పే పాఠంలో బిట్టుకూ బైటుకూ చోటివ్వాలి. ఒక్క పీరియడు చాలు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు నల్లజర్ల మండలం పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. ఊరు మాత్రం అంగుళం కదలలేదు. ప్రమాణాల మార్పు కూడా అంతే. పేరూ అంకే మారతాయి, ఉన్న సరుకు మారదు. మారిందని ఎవరైనా అంటే ఎక్కడో లెక్క తప్పిందని తెలుసుకోండి.

చివరగా మీకొక పని. సీడీ డ్రైవుల మీద 52ఎక్స్ అని రాసి ఉండేది. ఒక ఎక్స్ అంటే సెకనుకు 1,53,600 బైట్లు. 52ఎక్స్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లో కట్టి, మొదట్లో చెప్పిన 15 మెగాబిట్ల ఫైబర్ వేగంతో పోల్చండి. తర్వాత మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఇంటర్నెట్ వేగాన్ని అడిగి రాసుకోండి. వారు అంకె ఒక్కటే చెబితే ఏమని అడగాలో మీకు తెలుసు.